అంత్యక్రియలకు మన పాట మనమే ఎంచుకుంటే: పేరు రాస్తే సరిపోదు

బ్రిటన్‌లో చనిపోయిన ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి దహన సంస్కారమే జరుగుతోంది. అది జరిగే క్రిమటోరియంలో ఒక చిన్న హాలు ఉంటుంది. దాన్ని నిమిషాల లెక్కన బుక్ చేసుకోవాలి. ఒకప్పుడు అక్కడ ఆర్గన్ మీద కీర్తనలు వాయించేవారు. ఇప్పుడు పాప్ పాటలు, సినిమా పాటలు, ఫుట్‌బాల్ అభిమానుల పాటలు మోగుతున్నాయి. అంత్యక్రియల వ్యాపారంలో పెద్ద పేరున్న కో-ఆప్ ఫ్యూనరల్‌కేర్ జనం ఏ పాటలు ఎక్కువగా అడుగుతున్నారో అప్పుడప్పుడు జాబితా ప్రకటిస్తుంటుంది. 2014లో అందులో మొదటి స్థానం బ్రిటిష్ హాస్యనటుల బృందం మాంటీ పైథాన్ పాడిన హాస్యగీతం ‘ఆల్వేస్ లుక్ ఆన్ ద బ్రైట్ సైడ్ ఆఫ్ లైఫ్’కు దక్కింది. 2016లోనూ 2019లోనూ ఫ్రాంక్ సినాట్రా ‘మై వే’ పైన నిలిచింది.

తన అంత్యక్రియల్లో ఏ పాట వేయాలో ముందే చెప్పిపెట్టేవాళ్లు చాలావరకు కాగితం మీద మూడు పాటల పేర్లు రాసి, పని అయిపోయిందనుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కీర్తనను ఎవరు పాడినా అది ఆ కీర్తనే. పాప్ పాట అలా కాదు. ఫలానా గొంతు, ఫలానా ఏడాది రికార్డింగ్, ఫలానా చోట మొదలయ్యే డ్రమ్స్ కలిస్తేనే జనానికి అది ‘ఆ పాట’. కాబట్టి ఎంచుకోవాల్సింది పాటను కాదు, రికార్డింగ్‌ను. దాంతోపాటు సభలో అది వినిపించే క్షణాన్ని, అక్కడ దానికి దొరికే నిమిషాలను కూడా ఎంచుకోవాలి.

ముందు గడియారం చూడాలి

క్రిమటోరియం హాలు ఒక్కో కుటుంబానికి 30 నిమిషాల నుంచి గంట వరకు ఇస్తారు. లోపలికి రావడం, బయటికి వెళ్లడం కూడా ఆ సమయంలోనే కలిసి ఉంటాయి. అరగంట బుక్ చేస్తే మాటలకూ పాటలకూ కలిపి మిగిలేది సుమారు 20 నిమిషాలు. నాలుగేసి నిమిషాల పాటలు మూడు పూర్తిగా వేస్తే 12 నిమిషాలు వాటికే పోతాయి. చనిపోయిన మనిషి గురించి మాట్లాడడానికి ఎనిమిది నిమిషాలు మిగులుతాయి. సమయం దాటితే తర్వాతి కుటుంబం తలుపు బయట నిలబడాల్సి వస్తుంది. చాలాచోట్ల అదనపు రుసుము కూడా పడుతుంది. అందుకే సభ నడిపేవారు వెనకబడ్డామని తెలియగానే మొదట కోసేది పాటనే.

పాటకు సాధారణంగా మూడు చోట్లుంటాయి: శవపేటిక లోపలికి వచ్చేటప్పుడు, సభ మధ్యలో అందరూ మౌనంగా కూర్చున్నప్పుడు, చివర జనం బయటికి వెళ్లేటప్పుడు. ఈ మూడింటికీ ఒకే రకం పాట సరిపోదు. ఎందుకంటే ఆ మూడు సమయాల్లో జనం చేస్తున్న పని వేరు.

ప్రవేశం చిన్నది. తలుపు దగ్గర్నుంచి ముందున్న దిమ్మ దాకా పేటికను మోసుకురావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. వెనకే కుటుంబం వచ్చి కూర్చునేసరికి ఇంకో నిమిషం. ఆ తర్వాత పాటను మెల్లగా తగ్గించేస్తారు. అంటే ఇక్కడ వినిపించేది పాట మొదటి రెండు మూడు నిమిషాలే. రాక్ బృందం లెడ్ జెప్లిన్ పాడిన ‘స్టెయిర్‌వే టు హెవెన్’ను ఉదాహరణగా తీసుకుందాం. పాట నిడివి ఎనిమిది నిమిషాలు. గొంతు వినిపించడానికే దాదాపు 50 సెకన్లు పడుతుంది. డ్రమ్స్ వచ్చేది నాలుగు నిమిషాలు దాటాక. అభిమానులు పడిచచ్చే గిటార్ సోలో ఆరో నిమిషం దగ్గర గాని రాదు. దాన్ని ప్రవేశానికి పెట్టుకున్నవారి సభలో వేణువు లాంటి రికార్డర్ ధ్వని, రెండు చరణాలు, ఆపైన నిశ్శబ్దం మాత్రమే మిగులుతాయి. సోలో కోసమే ఆ పాట కావాలనుకుంటే దాన్ని నిష్క్రమణకు మార్చాలి, లేదా ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నిమిషం, సెకనుతో సహా రాసిపెట్టాలి.

నిష్క్రమణ తీరు దీనికి పూర్తిగా వేరు. ముందు వరుస లేచి, పేటిక దగ్గర ఒక్క క్షణం ఆగి కదిలితే గాని వెనక వరుస కదలదు. వందమంది ఉంటే హాలు ఖాళీ అయ్యేసరికి నాలుగైదు నిమిషాలైనా పడుతుంది. పొడవైన పాటకు, జోరుగా ముగిసే పాటకు ఇదే సరైన చోటు. రెండున్నర నిమిషాల పాట పెడితే సగం మంది నిశ్శబ్దంలో, బూట్ల చప్పుడు మధ్య బయటికి నడుస్తారు. దాని వెనకే ఇంకో పాట వరుసలో ఉంచమని చెప్పాలి.

ఎక్కువగా గురి తప్పేది మధ్య పాట. కదలకుండా, ఎటు చూడాలో తెలియకుండా కూర్చున్నవారికి నాలుగున్నర నిమిషాలు ఎంతో పొడవుగా అనిపిస్తాయి. మొదటి చరణంలో ఏడ్చినవాళ్లు మూడో చరణానికి చేతిలోని కాగితం తిరగేస్తుంటారు. ఇక్కడ రెండున్నర, మూడు నిమిషాలు చాలు. ఫొటోలు చూపిస్తే కొంచెం ఎక్కువైనా నిలుస్తుంది. ఒక్కో ఫొటోకు ఆరు సెకన్ల చొప్పున 30 ఫొటోలకు మూడు నిమిషాలవుతుంది. పాట నిడివి చూశాకే ఫొటోలు లెక్కపెట్టుకోవాలి. ముందు 90 ఫొటోలు పోగేసి తర్వాత పాట వెతికితే అదే పాట మూడుసార్లు తిరగాల్సి వస్తుంది.

కొన్ని సభల్లో నాలుగో సందర్భమూ ఉంటుంది. అది పేటిక ముందు తెర మూసుకునే సమయం. దానికి అర నిమిషం కూడా పట్టకపోవచ్చు గాని సభ మొత్తంలో బరువైన క్షణం అదే. ఆ సమయంలో ప్రతి మాటా అక్షరార్థంతోనే చెవిన పడుతుంది. అందుకే ఇక్కడ మాటల్లేని సంగీతం మేలు. తెర మూయొద్దని చెప్పే హక్కు కుటుంబానికి చాలాచోట్ల ఉంటుంది. ఆ సంగతి తెలియక, వేయాల్సిన అవసరం లేని పాట కోసం వెతికేవాళ్లున్నారు.

పాటలో ‘నేను’ ఎవరు?

ఇష్టమైన పాటలన్నీ అంత్యక్రియలకు పనికిరావు. పనికొచ్చేదేదో తేల్చడానికి ఒక ప్రశ్న చాలు: ఈ పాటలో మాట్లాడుతున్నది పోయినవారా, ఉన్నవారా? ఇంట్లో వింటున్నప్పుడు ఈ ప్రశ్నే రాదు. ముందు పేటిక ఉన్నప్పుడు మాత్రం ప్రతి ‘నేను’, ప్రతి ‘నువ్వు’ ఎవరో ఒకరికి అంటుకుంటుంది.

‘మై వే’ రాగం ఫ్రెంచి పాటది. 1967లో క్లోద్ ఫ్రాంస్వా పాడిన ఆ మూలంలో ఉన్నది మరణం కాదు, రోజువారీ అలవాటుగా చప్పబడిపోయిన దాంపత్యం. పాల్ ఆంకా దానికి ఇంగ్లీషులో పూర్తిగా కొత్త సాహిత్యం రాస్తే సినాట్రా రికార్డు 1969లో వచ్చింది. ఇంగ్లీషు పాటలోని ‘నేను’ అంతిమ ఘడియ దగ్గరపడి, గడిచిన జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకుంటున్న మనిషి. అంత్యక్రియల్లో అది పోయినవారి గొంతే అవుతుంది కాబట్టి అమరుతుంది. కాకపోతే తన దారిన తాను నడిచినందుకు గర్వపడే పాట అది. ఆ నడకలో ఎవరి కాళ్లు తొక్కుకుంటూ వెళ్లారో వాళ్లు కూడా అదే హాల్లో కూర్చుని ఉంటారు. ఎంచుకునేవారు ఆ సంగతి ఒకసారి తలుచుకోవడం మంచిది.

బెట్ మిడ్లర్ 1988లో పాడిన ‘విండ్ బినీత్ మై వింగ్స్’లో దిశ తిరగబడుతుంది. వెనక నిలబడి తనను పైకెగరనిచ్చిన మనిషికి పాటలోని ‘నేను’ కృతజ్ఞత చెబుతుంది. పిల్లలు తల్లి కోసం దీన్ని ఎంచుకుంటే అర్థం సూటిగా ఉంటుంది. ఆ తల్లే తన అంత్యక్రియలకు దీన్ని ఎంచుకుంటే అది తనను తాను పొగుడుకున్నట్టయినా వినిపించవచ్చు, భర్తకు చెప్పిన కృతజ్ఞతగానైనా వినిపించవచ్చు. పాటకు ముందు సభ నడిపేవారు “ఇది ఆమె తన భర్త కోసం ఎంచుకున్న పాట” అన్న ఒక్క వాక్యం చెబితే అనుమానం తీరిపోతుంది. ఆ వాక్యాన్ని కూడా ముందే రాసిపెట్టొచ్చు.

విడిపోయే ప్రేమికుల పాటలు పనికిరావని తేల్చేయక్కర్లేదు. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను డాలీ పార్టన్ 1973లో రాసింది గాయకుడు పోర్టర్ వ్యాగనర్ టీవీ కార్యక్రమం నుంచి వెళ్లిపోతున్నప్పుడు. అందులో చావు ప్రస్తావనే లేదు. విట్నీ హ్యూస్టన్ 1992లో ఒక సినిమా కోసం పాడాక అది లోకమంతా తెలిసింది. 2012 ఫిబ్రవరి 18న న్యూవార్క్ చర్చిలో హ్యూస్టన్ పేటికను బయటికి తీసుకెళ్తున్నప్పుడు మోగింది ఆమె గొంతులోని ఆ పాటే. అది అక్కడ నిలిచిందంటే కారణం దాని దిశ. పాటలో వెళ్లిపోతున్నవారే ఉండిపోతున్నవారికి చెబుతున్నారు. దానికి ఎదురు ఉదాహరణ ‘ద పోలీస్’ అనే రాక్ బృందం 1983లో పాడిన ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’. ప్రేమగీతం అనుకుని దీన్ని కోరుకునేవారుంటారు. నీ ప్రతి కదలికనూ గమనిస్తూనే ఉంటానని పేటికలోంచి ఎవరైనా అంటే వినేవాళ్లకు ఓదార్పు కలగదు, వీపు జలదరిస్తుంది.

దీన్ని పరీక్షించడం తేలికే. సాహిత్యాన్ని రాగం లేకుండా, వార్తలు చదివినట్టు పైకి చదవాలి. పల్లవితో ఆపకుండా చివరి చరణం దాకా వెళ్లాలి. చాలా పాటల్లో మోసం, తాగుడు, పగ కనిపించేది రెండో చరణంలో.

నవ్వించాలనుకుంటే

హాస్యగీతాలు 2014లో మొదటి స్థానం దాకా వెళ్లాయంటే వాటికి సభలో నిజంగానే చోటుందన్నమాట. మాంటీ పైథాన్ పాట 1979 సినిమా చివర్లో శిలువలకు వేలాడదీసిన మనుషులు పాడేది. ఆ బృందంలోని గ్రేయం చాప్‌మన్ 1989 అక్టోబరులో చనిపోతే డిసెంబరులో జరిగిన సంస్మరణ సభలో అతని సహచరుడు ఎరిక్ ఐడిల్ దాన్ని పాడారు. జీవితమంతా నవ్వించిన మనిషికి అతని బృందమే చేసిన వీడ్కోలు కాబట్టి అక్కడ అది అతికింది. పైగా చావుకూ సభకూ మధ్య రెండు నెలల ఎడం ఉంది. మరణించిన కొద్ది వారాలకే జరిగే దహనానికి దాన్ని అలాగే ఎత్తుకొస్తే అంత హాయిగా సాగకపోవచ్చు.

నవ్వుకు తగిన చోటు నిష్క్రమణ. అప్పటికి చెప్పాల్సినవి చెప్పుకుని, ఏడ్చేవారు ఏడ్చి, జనం ఊపిరి తీసుకోవడానికి ఎదురుచూస్తుంటారు. అదే పాట ప్రవేశంలో వేస్తే పేటికను మొదటిసారి చూస్తున్నవారికి నవ్వాలో వద్దో తెలియదు. నిప్పు మీద, నరకం మీద చమత్కారాలున్న పాటలు దహనవాటికలో వేయించుకోవాలన్న సరదా చాలామందికి కలుగుతుంది. కోరినవారు ఆరోగ్యంగా ఉండి నవ్వుతూ చెప్పిన మాట అది. అమలు చేయాల్సినవారు ఏ స్థితిలో ఉంటారో అప్పుడు తెలియదు. నిండు వయసులో పోయినప్పుడు పేలే చమత్కారం, నలభై ఏళ్లకు ప్రమాదంలో పోయినప్పుడు పేలదు. అందుకే హాస్యగీతం పక్కన ఒక షరతు రాయడం మంచిది: ముసలితనంలో పోతే ఇది వేయండి, ముందే పోతే మీ ఇష్టం. ఇంకో చిన్న విషయం, మాంటీ పైథాన్ పాటలో ఒక బూతుమాట ఉంది. చిన్నపిల్లలు, పాస్టర్‌గారు ముందు వరుసలో ఉంటారనుకుంటే ఆ మాట ఎక్కడొస్తుందో విని, దానికి ముందే కోయించుకోవచ్చు.

ఏ రికార్డింగ్, ఏ ఫైలు

‘ఓవర్ ద రెయిన్‌బో’ అని మాత్రమే రాసిపెడితే ఏం జరుగుతుందో చూడండి. 1939 సినిమాలో జూడీ గార్లండ్ పాడినది ఒకటి. ఎవా కాసిడీ పాడినది ఇంకొకటి. హవాయి గాయకుడు ఇజ్రాయెల్ కమకవివోఓలె చిన్న గిటార్ లాంటి యుకులేలే వాయిస్తూ పాడినది మరొకటి, అందులోనూ ఇంకో పాటతో కలిపి పాడిన మెడ్లీ వేరేగా ఉంది. మూడింటిలో మూడు భావాలు. మొదటిది వాద్యబృందంతో నడిచే ఆశ, రెండోది ఒంటరి గొంతు, మూడోది ఎండ కాసినట్టుండే తేలికదనం. పాటను వెతికేవారు ఆ రోజు నిద్రలేని కళ్లతో, మొదట కనబడినదాన్ని నొక్కుతారు.

కాబట్టి పాట పేరు పక్కన గాయకుడు, ఆల్బమ్ లేదా సినిమా, ఏడాది, నిడివి ఉండాలి. నిడివే అన్నింటికంటే బాగా పనికొస్తుంది. ఒకే పాటకు రేడియో కోసం కుదించినది, కచేరీలో రికార్డు చేసినది, రీమిక్స్, అచ్చం అసలు గాయకుడిలాగే ఎవరో పాడిన నకలు ఉంటాయి. నిడివిలో 20 సెకన్ల తేడా కనిపిస్తే అది వేరే రికార్డింగ్ అని వెంటనే తెలుస్తుంది. కచేరీ రికార్డింగ్‌తో ఇంకో ప్రమాదముంది. పాట ముగియగానే వేలమంది చప్పట్లు, ఈలలు హాల్లోకి దూకుతాయి. అది కావాలనుకుంటే సరే. లేకపోతే చప్పట్లకు ఒక సెకను ముందు ఆపమని రాయాలి.

ధ్వనిస్థాయి సంగతి చాలామందికి తట్టదు. పాత రికార్డులు కాస్త తక్కువ ధ్వనితో, 1990ల తర్వాతివి చాలా గట్టిగా వినిపించేలా తయారుచేసి ఉంటాయి. 1960ల పాట తర్వాత 2000ల పాట అదే వాల్యూమ్‌లో మొదలైతే ముందు వరుసలోని పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. ఫైళ్లు ముందే ఒక స్థాయికి తెప్పించాలి. హాలు గోడలు గట్టివి, పైకప్పు ఎత్తు, స్పీకర్లు చిన్నవి. బేస్, డ్రమ్స్, మూడు గిటార్లు కలిసిన పాట అక్కడ ముద్దగా వినిపిస్తుంది. ఒక గొంతు, ఒక వాద్యం ఉన్న పాటలో ప్రతి మాటా అందుతుంది. కారులో అదిరిపోయిన పాట ఇక్కడ అదరకపోవడానికి కారణం ఇదే.

పాటను మధ్యలో ఆపాల్సి వస్తే చరణం చివర, వాక్యం ముగిశాక, ఐదు నుంచి ఎనిమిది సెకన్లలో తగ్గించాలి. హఠాత్తుగా తెంపితే మైకు పాడైందేమో అని అందరూ వెనక్కి తిరుగుతారు. “0:00 నుంచి 2:40, రెండో పల్లవి తర్వాత తగ్గించాలి” అని రాసి ఉంటే నడిపేవారికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

బ్రిటిష్ క్రిమటోరియంలలో చాలావాటికి వెస్లీ మీడియా, ఒబిటస్ లాంటి సంస్థలు పెట్టిన, పాటలు వినిపించే వ్యవస్థలుంటాయి. అంత్యక్రియల నిర్వాహకుడు పాటలను ముందుగానే ఆర్డర్ చేస్తాడు. గడువు సాధారణంగా ఒకటి రెండు పనిదినాల ముందే ముగుస్తుంది. లోడ్ అయిన పాటను కుటుంబం ముందే విని సరిచూసుకునే వీలు ఉందా అని అడగాలి. సరైన రికార్డింగేనా అని తేలేది అప్పుడే. మార్కెట్లో దొరకని ఇంటి రికార్డింగ్ ఉంటే ఫైలు పంపాలి. వాట్సాప్‌లో చేతులు మారి మారి వచ్చినది కాకుండా అసలు ఫైలే పంపాలి.

ఫోను, బ్లూటూత్ స్పీకర్‌తో నెట్టుకురావచ్చనే ఆలోచన వస్తుంది. ఉచిత స్ట్రీమింగ్ ఖాతా అయితే పాటకు ముందు ప్రకటన రావచ్చు. పాట అయ్యాక ఆటోప్లే తనకు తోచిన ఇంకో పాట మొదలెడుతుంది. మధ్యలో ఎవరో పరామర్శకు ఫోన్ చేస్తారు, రింగ్‌టోన్ హాలంతా వినిపిస్తుంది. తప్పనిసరైతే ఫైలును ఫోనులోకి దించుకుని, విమాన మోడ్‌లో పెట్టి, ప్లేలిస్టులో ఆ ఒక్క పాటే ఉంచాలి. బ్లూటూత్‌కు బదులు తీగ వాడాలి.

దూరపు బంధువుల కోసం సభను సోషల్ మీడియాలో ప్రత్యక్షంగా చూపిస్తే ఇంకో చిక్కు. కాపీరైట్ పాటను ఆ వేదిక యంత్రమే గుర్తుపట్టి ఆ భాగంలో ధ్వని తీసేయవచ్చు, ప్రసారాన్నే ఆపేయవచ్చు. హాల్లో పాట వేయడానికున్న అనుమతి ప్రసారానికి తనంతట తాను వర్తించదు. క్రిమటోరియం సొంత వెబ్‌కాస్ట్ (ఇంటర్నెట్ ప్రసారం) వాడడం సులువు.

ప్రార్థన చర్చిలో అయితే లెక్క మారుతుంది. కాథలిక్ అంత్యక్రియల ఆరాధనలో లౌకిక గీతాలకు చోటు తక్కువ. 2010లో మెల్‌బోర్న్ ఆర్చ్‌బిషప్ డెనిస్ హార్ట్ మార్గదర్శకాలు పాప్, రాక్ పాటలనూ ఫుట్‌బాల్ క్లబ్ పాటలనూ వద్దన్నాయి. స్వర్గం లేదని ఊహించుకోమనే జాన్ లెనన్ పాట బలిపీఠం ముందు ఇబ్బంది పెట్టక మానదు. ముందే అడిగితే దారి దొరుకుతుంది. ఆరాధన చర్చిలో జరిపి, ఆ పాటను తర్వాత క్రిమటోరియంలోనో భోజనాల దగ్గరో వేసుకోవచ్చు.

వినేవారి వైపు నుంచి

మనుషులకు గట్టిగా గుర్తుండే పాటలు సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు విన్నవని జ్ఞాపకాల మీద పరిశోధన చేసేవారు చెబుతారు. ఎనభై ఏళ్ల మనిషి తన ఇరవయ్యో ఏటి పాట ఎంచుకుంటే మనవలకు అది పరాయిది. దానికి పాటను మార్చనక్కర్లేదు. అది ఏ ఊళ్లో, ఎవరితో విన్న పాటో రెండు వాక్యాలు రాసిపెడితే వాళ్లూ చెవి యొగ్గుతారు.

దీనికంటే పెద్ద విషయం ఇంకొకటుంది. అంత్యక్రియల్లో విన్న పాట ఆ రోజుకు అతుక్కుపోతుంది. తర్వాత సూపర్ మార్కెట్లో, పెళ్లిలో, కారు రేడియోలో ఎక్కడ వినిపించినా ఆ హాలే గుర్తొస్తుంది. డయానా అంత్యక్రియల కోసం మార్చి రాసిన ‘క్యాండిల్ ఇన్ ద విండ్’ను ఎల్టన్ జాన్ 1997 సెప్టెంబర్ 6న వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో పాడారు. ఆ సాహిత్యంతో మళ్లీ సభల్లో పాడలేదు. 1973 నాటి పాత సాహిత్యం ఆయనకు మిగిలింది. మామూలు కుటుంబానికి అలా రెండో సాహిత్యం ఉండదు. కాబట్టి దంపతుల ‘మన పాట’ను, బిడ్డను నిద్రపుచ్చిన పాటను జాబితాలో చేర్చేముందు దాన్ని ఆ తర్వాతా వినాల్సినవారిని అడగాలి. కొందరు కావాలంటారు, కొందరు దయచేసి వద్దంటారు. ఆ జవాబు కాగితం మీద ఊహించేది కాదు.

కుటుంబంలో ఎవరో స్వయంగా పాడాలని కోరడమూ ఉంది. గొంతు పూడుకుపోయే అవకాశం ఎక్కువ. అదే పాట రికార్డింగ్ వెనక సిద్ధంగా ఉంచి, ఆగిపోతే వేయమని ముందే చెప్పుకుంటే పాడేవారికి సగం భయం పోతుంది.

కాగితం ఎక్కడుండాలి

వీలునామాలో రాయడం చాలామంది చేసే పొరపాటు. దాన్ని తెరిచేది తరచుగా అంత్యక్రియలయ్యాకే. పైగా ఇంగ్లండ్, వేల్స్‌లో అంత్యక్రియల కోరికలకు చట్టబద్ధమైన కట్టుబాటు లేదు. మృతదేహం ఎవరి ఆస్తీ కాదని, దాన్ని ఏం చేయాలో వీలునామాలో రాసినా అమలు చేయించలేమని 1882 నాటి విలియమ్స్ కేసు నుంచి అక్కడి న్యాయం. నిర్ణయం వీలునామా అమలుదారుది. అంటే పాటల కాగితం ఆజ్ఞ కాదు, విన్నపం. అమలు చేయాల్సినవారికి దాని కారణం తెలిసి ఉంటే నెరవేరే అవకాశం ఎక్కువ.

ఒక ప్రతి అమలుదారు దగ్గర, ఇంకొకటి కుటుంబంలో నిదానస్తుల దగ్గర ఉండాలి. ఫోనులో దాచిన ప్లేలిస్టు పాస్‌వర్డ్ తెలియకపోతే లేనట్టే. కాగితం మీద తేదీ వేయాలి, ఎందుకంటే విడాకుల తర్వాత, కొత్త పెళ్లి తర్వాత పాత జాబితా బయటపడితే ఏది చివరిదో తేల్చడం కుటుంబానికి తలనొప్పి. ఒక్కో చోటికి ఒక పాట, దానికి ఒక ప్రత్యామ్నాయం చాలు. పదిహేను పాటలు రాసిస్తే ఎంపిక మళ్లీ వాళ్ల మీదే పడుతుంది. ఏ పాట వేయకూడదో కూడా రాయొచ్చు, అది ఒక్కోసారి ఎక్కువ పనికొస్తుంది. చివరగా, కోరిన రికార్డింగ్ ఎంత వెతికినా దొరకకపోతే వేరే గొంతులో అదే పాట వేయాలా, ప్రత్యామ్నాయానికి వెళ్లాలా, ఆ చోట పాటే లేకుండా వదిలేయాలా అన్నది ఒక వాక్యంలో తేల్చి రాయాలి.